పదకొండు రెండుసార్లు కొట్టిన రాత్రి

“ఇంకొక్కసారి చెప్పండి ఆపాయ్. డ్రిప్ పెట్టింది ఎన్నింటికి?”

“పదకొండు నలభైకి.”

“అప్పటికి స్క్రీన్ మీద హెచ్చరిక ఉందా, లేదా?”

“లేదమ్మా. ఉంటే పెడతానా? ముప్పై ఒక్క ఏళ్లుగా సూది పట్టుకున్న చెయ్యి ఇది.”

రౌషన్ ఆ చేతిని బల్ల మీద పెట్టింది. వయసులో పెద్దది, అందుకే ఆపాయ్ అంటున్నాను, అక్కా అన్నట్టు. గోళ్లు చర్మం దాకా కత్తిరించుకున్న, సబ్బుకీ మందులకీ తెల్లబారిపోయిన చెయ్యి. మా అమ్మ చెయ్యి అలాగే ఉండేది. మా అమ్మా నర్సే. ఈ ఆలోచన రాగానే నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషిలో మన మనిషి కనిపిస్తే విచారణ అక్కడితో అయిపోయినట్టే. పదేళ్లుగా ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి ఎప్పుడూ ఉపయోగపడలేదు.

నా ముందున్న కాగితంలో ఉన్నవి మూడే వరసలు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, గురువారం రాత్రి. పదకొండు పదహారుకి మూడో వార్డు స్క్రీన్ మీదికి ల్యాబ్ నుంచి హెచ్చరిక వచ్చింది: ఐదో గది రోగి ముసిన్ రక్తంలో పొటాషియం ఇప్పటికే ప్రమాద స్థాయి దాటింది. పదకొండు నలభైకి అదే ముసిన్‌కి నర్సు రౌషన్ పొటాషియం డ్రిప్ పెట్టింది. పన్నెండు ఇరవైకి ముసిన్ చనిపోయాడు.

అంటే ఎర్రక్షరాలు ఇరవై నాలుగు నిమిషాలు ఆమె కళ్లెదుట వెలుగుతూ ఉన్నాయి. అయినా పెట్టింది.

“పొద్దున్న డాక్టరు రాసిన మందే కదా,” అన్నాను.

“ఆయనకి పొద్దున్న పొటాషియం తక్కువుంది. సాయంత్రానికి కిడ్నీ మొరాయించి పెరిగిందట. ఆ సంగతి ల్యాబ్ చెబితేనే కదా నాకు తెలిసేది?”

“ల్యాబ్ ఫోన్ చెయ్యలేదా?”

“ఇదివరకు చేసేవాళ్లు. ఈ కంప్యూటర్లు వచ్చాక ఫోన్ ఎవరు చేస్తున్నారమ్మా? వాళ్ల స్క్రీన్ మీద ‘పంపబడింది’ అని పడితే వాళ్ల పని అయిపోయినట్టే.”

“అది ఎలా వస్తుందో, ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసా?”

“నాకేం తెలుసు ఐనలాయిన్? ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కుతాను.”

ఐనలాయిన్. నా ప్రాణమా అన్నంత ప్రేమగా పెద్దవాళ్లు పిల్లల్ని పిలిచే మాట. నిందితురాలు నన్ను అలా పిలవకూడదు. నేను వద్దనలేదు.

*

బయట మేజర్ కైసార్ గోడకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. హత్యల విభాగం. ఆదివారం సాయంత్రం రౌషన్‌ని పట్టుకొచ్చింది ఆయనే. ఈ రోజు, మంగళవారం, సాయంత్రం నాలుగింటికి ఆమెను జడ్జి ముందు పెట్టి రెండు నెలల కస్టడీ అడగబోతున్నాడు. అంతలోపు కంప్యూటర్ రికార్డు సరైనదేనని నేను ఒక సంతకం పెట్టాలి. నన్ను పిలిపించింది ఆ సంతకం కోసమే.

“ఏమంటోంది నీ అమ్మమ్మ?” అన్నాడు.

“రికార్డు తప్పంటోంది.”

“పట్టుబడ్డవాళ్లందరికీ రికార్డు తప్పే. తోగ్జాన్, నువ్వు పోలీసు ఉద్యోగంలోకి రాకముందు ప్రోగ్రాములు రాసేదానివి కదా? వాటికి తప్ప మనుషులకి జబ్బులుంటాయని నీకు తెలీదు. ఇదిగో.” నీలం అట్ట ఫైలు నా చేతిలో పెట్టాడు. “తొమ్మిదేళ్ల కిందటిది. ఆమె కొడుకు ఎర్నార్, పందొమ్మిదేళ్లవాడు, ఇదే ఆసుపత్రిలో అపెండిక్స్ ఆపరేషన్‌కి వెళ్లి బయటికి రాలేదు. డాక్టర్ల తప్పేమీ లేదని విచారణ సంఘం రాసిచ్చింది. అందులో సంతకం పెట్టినవాళ్లలో ఒకడు ఈ ముసిన్. సర్జన్‌గా రిటైరైనవాడు. చాలా, ఇంకా కావాలా?”

“తొమ్మిదేళ్లు ఎవరు కాచుకుని కూర్చుంటారు అగాయ్?” అన్నాను, పెద్దన్నని అడిగినట్టు.

“నీకు పిల్లలు లేరు,” అన్నాడు.

ఆయన మాట తప్పని కాదు, ఆయన నోటి నుంచి వచ్చిందని నాకు కోపం. ఫైలు తెరవకుండానే సంచిలో పడేశాను.

“నాలుగింటికి,” అన్నాడు వెనక నుంచి. “సంతకం పెడితే నీ పేరు కింద ఉంటుంది. పెట్టకపోతే నీ పేరు పైన ఉంటుంది, మెమోలో.”

*

మూడో వార్డులో నర్సుల బల్ల దగ్గర పది ఇరవైకి నిలబడ్డాను. మందులు స్కాన్ చేసే టాబ్లెట్, ఒక స్క్రీన్, గాజు తలుపుల బీరువా, పైన గుండ్రటి గోడ గడియారం. స్క్రీన్ బల్లకి ఎదురుగానే ఉంది. కూర్చుంటే కనిపించకుండా పోయే వీల్లేదు. ఈ ఒక్క విషయంలో కైసార్ మాట నిజం.

“ఏయ్ అమ్మాయీ! భోజనం పెట్టరని తెలుసులే, కనీసం టైమైనా చెప్పు!”

పక్కనే నాలుగో గది. తలుపు తెరిచే ఉంది. మంచం మీద పొడుగాటి ముసలాయన, ఎర్రటి ముక్కు, చేతికి డ్రిప్.

“నేను నర్సుని కాదండీ. పోలీసు.”

“మంచిది. పోలీసులకైనా టైము తెలియాలి. రేపు నా పిత్తాశయం కోస్తారట. నలభై ఏళ్లు ఈ గోడల మధ్య నేను జనాన్ని కోశాను, ఇప్పుడు నా వంతు. పొద్దుటి నుంచీ నీళ్ల సూపు. గోడ మీద చూస్తే పదకొండు ఇరవై, ఇంక భోజనం వేళేగా అంటే, కాదు తాతా, పది ఇరవయ్యే అంటారు పిల్లలు. గంటసేపు ఎక్కువ ఆకలి నాకు!”

తల ఎత్తి గోడ వైపు చూశాను. పదకొండు ఇరవై ఒకటి. నా ఫోన్‌లో పది ఇరవై ఒకటి.

“ముసిన్ మీకు తెలుసా?” అన్నాను.

“తెలియకపోవడమేంటి? మేమిద్దరం కలిసి సంతకం పెట్టని కాగితం లేదు ఈ ఆసుపత్రిలో. పాపం, పోయాడు. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు కుర్రాడు గుండె నొక్కుతూనే ఉన్నాడు, తర్వాత బయటికి వచ్చి ఈ గడియారమే చూసి ‘పన్నెండు ఇరవై’ అని రాసుకున్నాడు. నేను ఈ తలుపు దగ్గర నిలబడి చూశాను.”

గడియారాన్ని, ఫోన్‌ని మళ్లీ ఒకసారి చూశాను.

దేశమంతటా ఒకే టైము ఉండాలని ఆ రాత్రి మా వైపు గడియారాల్ని ప్రభుత్వం గంట వెనక్కి జరిపింది. పన్నెండు కొట్టగానే మళ్లీ పదకొండైంది. మర్నాడు టీ తాగుతూ దాని మీద అందరం జోకులు వేసుకున్నాం. నా చిన్నాన్న తనకి ఒక గంట వయసు తగ్గిందన్నాడు. ఐదు రోజులుగా ఆ మూడు వరసలు చదువుతున్న వాళ్లలో ఒక్కరికీ, నాకు కూడా, ఒక్క ప్రశ్న తట్టలేదు: ఏ పదకొండు?

కంప్యూటర్లు తమంతట తాము తిప్పుకున్నాయి. గోడ గడియారాన్ని ఎవరూ తిప్పలేదు. చావు రాసింది దాన్ని చూసి.

*

సర్వర్ గది నేలమాళిగలో, చాకలి గది పక్కన. ల్యాబ్, వార్డులు, మందుల గది, ఒకదాని మాట ఒకదానికి చేరవేసే వ్యవస్థ మొత్తం అక్కడే ఉంటుంది. దాన్ని చూసుకునే మనిషి విస్సరియోన్ కిమ్. కొరియా వాళ్ల వంశం, పుట్టింది మా ఊళ్లోనే, కరగండలో. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

“ఆ రాత్రి నువ్వు ఏం చేశావు?”

“ఏం చేశానంటే... రికార్డు అడిగారు, ప్రింటు తీసి ఇచ్చాను కదండీ.”

“రికార్డు కాదు. నువ్వు.”

అతని మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. “ఆపేశాను,” అన్నాడు. “మెసేజ్‌లు వార్డులకి వెళ్లే క్యూ ఆపేశాను. అదే గంట రెండుసార్లు వస్తే రెండు మెసేజ్‌లకి ఒకే టైము పడి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయని భయం. అందుకే పదకొండుకి ఐదు నిమిషాల ముందు ఆపాను. గంట వెనక్కి జరిగాక, అన్నీ సరిచూసుకుని, రెండో పదకొండులో పదిహేను నిమిషాలు గడిచాక తెరిచాను. ఆ మధ్యలో ల్యాబ్ పంపినవన్నీ ఇక్కడే వరసలో నిలబడి ఉన్నాయి.”

“ఎంతసేపు?”

“గంటా ఇరవై నిమిషాలు.”

“వార్డులకి చెప్పావా?”

“పెద్ద డాక్టరుగారు వద్దన్నారు. జనం కంగారు పడతారని. ఇప్పుడు కూడా ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పొద్దన్నారు.”

ఎవరూ అడగలేదు కాబట్టి. ఆ మాటకి నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఒక మనిషి మూడు రోజులుగా ఇనుప తలుపు వెనక ఉంది.

“ఆ మూడు వరసలూ మళ్లీ తియ్యి. టైము ప్రకారం కాదు. లోపలికి వచ్చిన నంబరు ప్రకారం.”

డేటాబేస్‌లో పడే ప్రతి వరసకీ ఒక నంబరుంటుంది. గడియారాన్ని ప్రభుత్వం వెనక్కి తిప్పగలదు. ఆ నంబరును ఎవరూ తిప్పలేరు. ముందు వచ్చిందానికి చిన్న నంబరు, తర్వాత వచ్చిందానికి పెద్ద నంబరు, అంతే.

కిమ్ రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి సరిగ్గా కొట్టాడు. డ్రిప్ వరస చివరి అంకెలు 207. హెచ్చరిక వార్డుకి చేరిన వరస 391.

రెండు అంకెల్నీ కాగితం మీద రాసుకున్నాను.

డ్రిప్ పెట్టింది మొదటి పదకొండు నలభైకి. హెచ్చరిక వచ్చింది రెండో పదకొండు పదహారుకి, అంటే ముప్పై ఆరు నిమిషాల తర్వాత. గోడ గడియారం లెక్కలో అది పన్నెండు పదహారు. చావుకి నాలుగు నిమిషాల ముందు. అప్పటికి వార్డంతా ముసిన్ మంచం చుట్టూ ఉంది. ఆమె చూడలేదన్నది నిజం. చూడటానికి అక్కడ ఏమీ లేదు.

“అయ్యో,” అన్నాడు కిమ్. “అయ్యో, రౌషన్ ఆపాయ్. నా వల్లేనా?”

అక్కడి నుంచే ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేశాను. రెండింటికల్లా విడుదల కాగితం మీద నా సంతకమూ పడింది. రెండున్నరకి కైసార్ ఫోన్ చేశాడు.

“వదిలేశాను. సంతోషమా?”

“నిజం తేలితే మీకు సంతోషం కాదా అగాయ్?”

“నేనే కారులో ఆసుపత్రి దగ్గర దింపాను. బూట్లు, కోటు వార్డు లాకర్లో ఉన్నాయంది. చెప్పులతో మంచులో ఎలా వెళ్తుంది?” ఒక క్షణం ఆగాడు. “దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడవలేదు. కృతజ్ఞతలు చెప్పలేదు. నాకు నచ్చలేదు తోగ్జాన్.”

“మీకు తెలిసింది ఒక్కటే. ఓడిపోవడం నచ్చలేదు.”

ఫోన్ పెట్టేశాడు. గెలిచాను. ఈ మాటని లోపల రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. ఎందుకో రెండోసారి రుచి లేదు.

*

ముద్ర వేసిన ప్రింట్ల కోసం మూడున్నర దాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. కిమ్ చిన్న గిన్నెలో పాలు పోసిన టీ కలిపి ఇచ్చాడు. గిన్నె పెట్టడానికి చోటు లేక సంచిలోంచి కైసార్ ఫైలు తీసి దాని మీద పెట్టాను.

“ఆపాయ్ వెళ్లిపోయారుగా, హమ్మయ్య,” అన్నాడు. “ఈ ఆసుపత్రిలో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. ఈ గదిలోకి దిగి వచ్చిన నర్సు ఆవిడ ఒక్కరే. అప్పుడే నూనెలో వేయించిన వేడివేడి బౌర్సాకులు తెచ్చేవారు. పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగేవారు. ఇది ఎటు వెళ్తుంది, అది ఎక్కడ ఆగుతుంది, ఆగితే ఏమవుతుంది అని. ఈ గంట మార్పు సంగతి కూడా ఫిబ్రవరి మొదట్లోనే అడిగారు.”

గిన్నె నా పెదవుల దగ్గర ఆగిపోయింది.

నాకేం తెలుసు ఐనలాయిన్? ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కుతాను.

“ఏమని అడిగింది?”

“ఆ రాత్రి క్యూ ఆపుతావా అని. ఆపుతాననే చెప్పాను. ఆవిడ ఒక్కరికే చెప్పాను, వేరే వాళ్లకి చెప్పనందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అప్పుడు ఏమైనా అర్జెంటు రిజల్టు ఉంటే ఎలా అన్నారు. మంచి ప్రశ్న కదండీ? అందుకే ఒక చిన్న కిటికీలాంటి పేజీ తయారు చేసి ఇచ్చాను. క్యూ ఆగి ఉన్నా, లోపల ఏమేం ఎదురుచూస్తున్నాయో చూడొచ్చు. ఆవిడ ఎలక్ట్రానిక్ సంతకం, పాస్‌వర్డు ఉంటేనే తెరుచుకుంటుంది. పాపం, ఆ రాత్రి కంగారులో దాని సంగతే మర్చిపోయి ఉంటారు. చూసి ఉంటే ముసిన్ బతికేవాడు.”

“తెరిచినట్టు రికార్డుంటుందా?”

“అన్నిటికీ ఉంటుంది.”

“తియ్యి.”

“ఆపాయ్ తెరవలేదండీ, నేను...”

“తియ్యి విస్సరియోన్.”

ఒకే ఒక వరస వచ్చింది. రౌషన్ సంతకం. చూసిన మెసేజ్: ఐదో గది, ముసిన్, పొటాషియం. టైము పదకొండు ముప్పై ఒకటి.

“రెండో పదకొండు అయ్యుంటుంది,” అన్నాడు కిమ్. “అప్పటికి ఆయన పోయాడు కదా. ఏమైందో చూద్దామని తర్వాత తెరిచి ఉంటారు. అంతే అయ్యుంటుంది.”

“నంబరు చూడు.”

అతను చూడలేదు. నేనే వంగి చూశాను. 188.

డ్రిప్ 207. దానికి ముందు 188. ఏ నియమంతో మధ్యాహ్నం ఆమెను విడిపించానో అదే నియమం, అదే నిబ్బరంతో, ఇప్పుడు ఇంకో మాట చెబుతోంది. మొదటి పదకొండు ముప్పై ఒకటికి ఆమె హెచ్చరిక చదివింది. తొమ్మిది నిమిషాల తర్వాత డ్రిప్ పెట్టింది.

క్యూ ఆగి ఉన్నంతసేపూ వార్డు స్క్రీన్ ఖాళీగా ఉంటుందని ఆమెకి తెలుసు. హెచ్చరిక తర్వాత వచ్చిందనే రికార్డు చెబుతుందని తెలుసు. తెలియనిది ఒక్కటే. గంట వెనక్కి జరిగితే కాగితం మీద వరస తారుమారవుతుందని తెలియలేదు. ఆ ఒక్క పొరపాటు వల్ల దొరికిపోయింది. మూడు రోజులు ఇనుప తలుపు వెనక నోరు మూసుకుని కూర్చుంది, ఆ పొరపాటు దిద్దగలిగినవాళ్లు ఎవరైనా వస్తారేమోనని.

నేను వచ్చాను. దిద్దాను. సంతకం కూడా పెట్టాను.

నేను పొద్దున్న చూసింది ఆమె చేతినా, మా అమ్మ చేతినా? తెరిచి చూడటానికి పొద్దుటి నుంచీ సంచిలో ఫైలుంది. తెరవలేదు. కైసార్ మీద కోపం అనుకున్నాను. కాదు. అందులో ఉన్నది నాకు అక్కర్లేదు. నాకు కావలసింది నర్సు నిర్దోషి కావడం.

గిన్నె పక్కన పెట్టి ఫైలు తెరిచాను. టీ మరక కింద ఆఖరి పేజీ. డాక్టర్ల తప్పేమీ లేదు. రెండు సంతకాలు. మొదటిది ముసిన్. రెండోది కొంచెం పెద్దదిగా, గర్వంగా: జిమిన్, పావెల్ ఆంద్రెయెవిచ్.

“విస్సరియోన్, మూడో వార్డు నాలుగో గదిలో ఎవరున్నారు?”

కీబోర్డు చప్పుడు. “జిమిన్ అని... రేపు పిత్తాశయం ఆపరేషన్.”

మేమిద్దరం కలిసి సంతకం పెట్టని కాగితం లేదు ఈ ఆసుపత్రిలో.

వార్డు ఫోన్ నంబరు అతనే నొక్కి ఇచ్చాడు. ఐదుసార్లు మోగింది. ఆరోసారి ఎత్తారు.

“మూడో వార్డు.”

పొద్దున్న విన్న గొంతే. అలసటగా, మెత్తగా.

“ఆపాయ్. మీరు ఇంకా అక్కడే ఉన్నారా?”

“బూట్ల కోసం వచ్చానమ్మా. పిల్లలు పొద్దుటి నుంచీ టీ తాగలేదంట, పది నిమిషాలు నేను చూస్తాలే అని పంపించాను. నాలుగో గది ముసలాయన డ్రిప్ అయిపోయిందని గోల పెడుతున్నాడు. సీసా మారుస్తున్నాను.”

“ఆ సీసా కింద పెట్టండి.”

ఫోన్‌లో గడియారం టక్కుటక్కుమనడం నాకు వినిపించింది. గోడ మీది గుండ్రటి గడియారం, ఎవరూ తిప్పనిది. కిమ్ అప్పటికే తలుపు తెరిచి మెట్ల వైపు పరుగెత్తాడు.

“చూశావన్నమాట,” అంది చివరికి. కోపం లేదు. హోంవర్కు దిద్దుతున్న టీచరులా ఉంది. “నువ్వు చూస్తావని పొద్దున్నే అనిపించింది. ఇంత త్వరగా చూస్తావనుకోలేదు.”

“ఆపాయ్, వినండి...”

“ఇక్కడ నాలుగు నలభై ఎనిమిది ఐనలాయిన్. మీకు కింద మూడు నలభై ఎనిమిది కదూ?”

ఫోన్ పెట్టేసిన చప్పుడు రాలేదు. బల్ల మీద పక్కకి పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత గచ్చు మీద చెప్పుల చప్పుడు, తొందర లేకుండా, దూరమవుతూ. నాలుగో గది తలుపు దగ్గర ముసలాయన గొంతు, “ఎంతసేపమ్మా, రా రా!”

నా ఎదుట స్క్రీన్ మీద అట్టడుగున కొత్త వరస ఒకటి పడింది. మూడో వార్డు, నాలుగో గది. రోగి చేతి పట్టీ స్కాన్ అయింది.

సీసా స్కాన్ చేసిన వరస ఇంకా రాలేదు. నేను మెట్లెక్కడం మొదలుపెట్టాను.